గాలి మీదికి నెట్టేస్తే సరిపోదు

"ఎగిరినోడు ఎప్పుడో ఒకనాడు పడ్తాడు. దానికి మల్లా విచారణ ఏంటికప్పా?"

పారామోటార్ కూలి మనిషి పోయాడన్న వార్త ఏ మూల నుంచి వచ్చినా నంద్యాల టీ అంగళ్ల దగ్గర నాకు వినిపించే మాట ఇదే. చదువుకున్నవాళ్లు దీన్నే ఇంకాస్త వివరంగా చెబుతారు. సాహస క్రీడలో ప్రాణాపాయం ఉందని తెలిసే దిగుతారు. గాలి ఎవరి మాటా వినదు. తప్పంటూ జరిగితే అది నడిపినవాడిదే. పోలీసు కేసు ఎలాగూ నమోదవుతుంది. వీపుకు తగిలించుకునే చిన్న ఇంజను కోసం ఎక్కడి నుంచో నిపుణులు దిగిరావాలా? వచ్చి తేల్చినా, పోయినవాళ్లు తిరిగొస్తారా?

ఇలా అనేవాళ్లు కఠినాత్ములు కారు. శవం త్వరగా ఇంటికి చేరాలని, ఏడుస్తున్న కుటుంబాన్ని కాగితాల చుట్టూ తిప్పకూడదని కోరుకునేవాళ్లే వాళ్లలో ఎక్కువ. పారామోటార్ ప్రమాదకరమన్న మాటా నిజమే. ఇరవై ముప్పై కిలోల ఇంజను వీపున, దాని వెనక నాలుగడుగులు దాటిన ప్రొపెల్లరు, తలపైన గుడ్డ రెక్క, ఆ రెక్కకూ మనిషికీ మధ్య సన్నని తాళ్లు. చక్రాలు లేకపోతే మనిషి కాళ్లే చక్రాలు. ఇందులో ఏది చెడినా ఆపద తప్పదు.

అయినా ఆ మాట తప్పు. తర్వాత ఎగరబోయే మనిషి ప్రాణం తీసే తప్పు. నంద్యాల జిల్లాలో కూర్చుని ఆ మాట అనడం నాకు మరీ బాధ, ఎందుకంటే పావురాలగుట్ట మన నల్లమలలోనే ఉంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఆయన కార్యదర్శి సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి వెస్లీ, పైలట్లు భాటియా, ఎం.ఎస్. రెడ్డి హెలికాప్టర్ కూలి అక్కడే చనిపోయారు. ఆత్మకూరు దగ్గర నల్లకాలువలో స్మృతివనం ఉంది. అక్కడ దండం పెట్టుకుని వచ్చే మనకు, ఒక ప్రమాదాన్ని విచారిస్తే ఏం తెలుస్తుందో, విచారించింది జనానికి చేరకపోతే ఏం జరుగుతుందో అందరికంటే బాగా తెలిసి ఉండాలి.

1. "గాలి తిరగబడింది, ఏం చేస్తాం?"

గాలి ఉన్న సంగతి ఎగరకముందే తెలుసు. అందుకే గాలిని కారణంగా రాసి ఫైలు మూయడం కుదరదు. కుందూ నది పొంగి గుడిసె కొట్టుకుపోతే కుందూనే తప్పుపట్టి ఊరుకుంటామా? అక్కడ గుడిసె వేసుకోవలసిన గతి ఎందుకు పట్టిందని, పైనుంచి నీళ్లు వదిలేముందు దండోరా వేశారా అని అడుగుతాం. ఆకాశంలో పోయిన మనిషి విషయంలోనూ అలాగే అడగాలి.

మన నేలనే చూడండి. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, మధ్యన కుందూ లోయ, అందులో నల్లరేగడి. వేసవిలో బీడుపడిన రేగడి ఎండకు కాగితే వేడిగాలి స్తంభాల్లా పైకి లేస్తుంది. చేలో సుడిగాలి లేచి చెత్తను గిర్రున తిప్పడం రైతు రోజూ చూసేదే. ఆ సుడి కంటికి కనిపించేది కింద కొంత మేరకే, పైన దాని బలం ఎంతో కనిపించదు. కొండ దాటి వచ్చే గాలి అవతలి వాలులో చుట్టలు చుట్టుకుని కిందికి తోస్తుంది. గుడ్డ రెక్కకు ఈ రెండూ శత్రువులే. శిక్షణ పొందిన ప్రతి పారామోటార్ పైలట్‌కూ ఇది మొదట నేర్పే పాఠం. అందుకే పొద్దు పొడిచాక కాసేపు, పొద్దుగూకే ముందు కాసేపు ఎగరడం వాళ్ల అలవాటు.

అప్పుడు అసలు ప్రశ్నలు వరసగా వస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎందుకు ఎగిరాడు? ఎగరమన్నది ఎవరు? టికెట్టు కొని నిలబడినవాళ్ల వరస తరగలేదా? ముఖ్య అతిథి రావడం ఆలస్యమై ఉదయం చేయవలసిన ప్రదర్శన మధ్యాహ్నానికి జరిగిందా? మైదానంలో గాలిసంచి ఉందా? ఇవాళ వద్దు అని చెప్పే అధికారం అక్కడ ఎవరికైనా ఇచ్చారా? "గాలి తిరగబడింది" అన్న ఒక్క వాక్యం ఈ ప్రశ్నలన్నిటినీ నోరెత్తకుండా చేస్తుంది.

పావురాలగుట్ట సంగతిలోనూ మొదట అందరం అన్నది వాన, మబ్బు, కొండ అనే. ఆ ఉదయం 8:38కి బేగంపేటలో లేచిన బెల్ 430 హెలికాప్టర్ అప్పటి చిత్తూరు జిల్లా అనుపల్లికి వెళ్లాలి. మబ్బు ఉన్నది నిజం, వాన ఉన్నది నిజం. కానీ విచారణ సంఘం కాక్‌పిట్ మాటల రికార్డు విన్నాక బయటపడింది వేరే సంగతి.

2. "తప్పు నడిపినవాడిదే"

ఈ వాదనలన్నిటిలో నిజం ఎక్కువ ఉన్నది దీనిలోనే. అందుకే దీని దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని విచారణ సంఘం తేల్చింది ఇది: హెలికాప్టర్ గేర్‌బాక్సులో నూనె ఒత్తిడి తగ్గిందని హెచ్చరిక దీపం వెలిగింది. అప్పుడేం చేయాలో రాసి ఉన్న పుస్తకంలో ఆ భాగాన్ని వెతుకుతూ పైలట్లు దాదాపు ఆరు నిమిషాలు గడిపారు. ఆ ఆరు నిమిషాల్లో తాము ఎక్కడున్నామో, ముందున్న వాతావరణం ఎంత తీవ్రంగా ఉందో అన్న ఎరుక తప్పింది. 9:27 దాటేసరికి అంతా అయిపోయింది.

దీన్ని పట్టుకుని "పైలట్ల తప్పు" అనేయవచ్చు. చాలామంది అనేశారు కూడా. ఆ మాట అని ఏం సాధించాం? ఇద్దరు చనిపోయినవాళ్లకు శిక్ష వేశాం. నేను అడిగేది వేరు. ఒక హెచ్చరిక దీపానికి సంబంధించిన పేజీ ఆరు నిమిషాలకు కూడా చేతికి రాని విధంగా పుస్తకం ఎందుకుంది? ఒకరు పుస్తకం చూస్తుంటే రెండోవాళ్లు బయటికే చూడాలన్న క్రమాన్ని ఎన్నిసార్లు సాధన చేయించారు? ముఖ్యమంత్రి వెనక కూర్చుని ఉంటే వెనక్కి తిప్పుదాం అనడం ఒక పైలట్‌కు ఎంత కష్టం? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు రేపు ఆకాశంలో ఉండే పైలట్‌కు పనికొస్తాయి. "వాళ్ల తప్పు" అన్న తీర్పు ఎవరికీ పనికిరాదు.

పారామోటార్‌కు ఇంకా దగ్గరి ఉదాహరణ 2024 ఫిబ్రవరిలో కులూ దగ్గర దోభీలో జరిగింది. తెలంగాణ నుంచి విహారానికి వెళ్లిన ఒక యువతి ఇంజను లేని పారాగ్లైడర్ మీద నుంచి జారిపడి చనిపోయింది. ఆమె నడుముకూ తొడలకూ బిగించవలసిన పట్టీలు సరిగా బిగించలేదని ప్రాథమికంగా తేల్చారు. పైలట్‌ను అరెస్టు చేశారు. పైలట్‌కు అనుమతి ఉంది, పరికరానికి అనుమతి ఉంది, వాతావరణమూ బాగానే ఉందని అధికారులే చెప్పారు. మానవ తప్పిదం అన్నారు.

మనిషి అన్నాక మరచిపోతాడు. రోజుకు పదిమందిని ఎక్కించి దింపే మనిషి పదకొండోసారి ఒక బకిల్ మరచిపోవడం వింత కాదు. అందుకే విమానయానంలో రెండో మనిషి చూసి సరే అన్నాకే కదలాలన్న పద్ధతి పుట్టింది. దోభీలో అడగవలసిన ప్రశ్న "ఎవరు మరచిపోయారు?" అన్నది కాదు. ఒక్కరు మరచిపోతే ప్రాణం పోయేలా ఆ మైదానాన్ని నడిపింది ఎవరు? పైలట్‌ను జైలులో పెట్టాక మరుసటి వారం అదే మైదానంలో అదే పద్ధతిలో ఇంకొకరు ఇంకొకరిని ఎక్కిస్తే, అరెస్టు వల్ల ఎవరికి రక్షణ దొరికినట్టు?

3. "తెలిసే దిగాడు కదా"

ఏం తెలిసి దిగాడు?

సొంతంగా నేర్చుకుని, సొంత యంత్రంతో, ఒంటరిగా ఎగిరే మనిషి గురించి ఈ మాట అంటే సగం ఒప్పుకుంటాను. కానీ మన వైపు పారామోటార్ ఎక్కే వందమందిలో అత్యధికులు వెనకో ముందో పైలట్ ఉండే జంట సీటులో కూర్చునే పర్యాటకులే. రాతకోతలున్న కాగితం ఒకటి ముందు పెడతారు, సంతకం చేస్తారు. ఆ మనిషికి గాలిలో తేలుతానని తెలుసు. తాను వేలాడే కారబీనర్ కొక్కెం ఎన్నేళ్ల పాతదో తెలియదు. రెక్క గుడ్డ ఎండకు ఎంత చివికిందో తెలియదు. ప్రాణం కోసం ఉంచే రెండో పారాచ్యూట్‌ను చివరిసారి ఎప్పుడు విప్పి మడిచారో తెలియదు. తెలియనిదానికి ఎవరూ ఒప్పుకోలేరు. ఒప్పుకున్నది గాలితో వచ్చే ఆపదకు. చివికిన తాడుతో వచ్చే ఆపదకు కాదు.

2020 అక్టోబరు 2న కర్ణాటకలోని కార్వార్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ బీచ్ దగ్గర ఒక పారామోటార్ సముద్రంలో పడింది. అందులో ఇద్దరున్నారు. నడిపిన శిక్షకుడు బయటపడ్డాడు. ఆయనతో కూర్చున్న నౌకాదళ కెప్టెన్ ప్రాణాలు దక్కలేదు. సముద్రం మీదే ఉద్యోగ జీవితం గడిపిన మనిషి ఒడ్డుకు దగ్గరగా నీటిలో చనిపోయాడు. నీటిలో పడిన పారామోటార్ సాధారణ పతనం లాంటిది కాదు. ఇంజను బరువు వెనక్కి లాగుతుంది, తడిసిన రెక్క, తాళ్లు చుట్టుకుంటాయి, బిగించిన బకిళ్లు వదలవు. అందుకే నీటి మీద ఎగిరేవాళ్లకు తడవగానే గాలి నిండే తేలుడు సంచులు ఉన్నాయి, తాళ్లు కోసుకునే చిన్న కత్తి ఉంది, ఒడ్డున సిద్ధంగా ఉండవలసిన పడవ ఉంది. ఇవి అవసరమని కెప్టెన్‌కు తెలియకపోవచ్చు, తెలియవలసిన పనీ లేదు. నీటి అంచున ఆ వ్యాపారం నడిపేవాళ్లకు తెలిసి తీరాలి. "తెలిసే దిగాడు" అన్నప్పుడు ఆ తెలుసుకోవలసిన బాధ్యత అమ్మినవాడి దగ్గర నుంచి కొన్నవాడి నెత్తికి మారిపోతుంది.

4. "పోలీసు కేసు ఉంది కదా"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే.

పోలీసు దర్యాప్తు, ప్రమాద విచారణ రెండూ వేరు వేరు పనులు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద జరిగే శవ పంచనామా మరణం ఎలా జరిగిందో, అనుమానం ఉందో లేదో చూస్తుంది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందా అని కేసు నడుస్తుంది. ఆ రెండూ అవసరమే. కానీ అవి వెతికేది నేరం చేసిన మనిషిని. విమాన ప్రమాదాల విచారణకు ప్రపంచమంతా ఒప్పుకున్న సూత్రం దానికి ఎదురుగా ఉంటుంది: మళ్లీ జరగకుండా చూడటం ఒక్కటే ఆ విచారణ లక్ష్యం, నింద వేయడం కాదు. మన దేశం 2012లో విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరోను విడిగా ఏర్పాటు చేసినప్పుడు ఆ సూత్రాన్నే నియమంగా రాసుకుంది. కారణం కూడా స్పష్టమే. జైలుకు పోతానన్న భయం ఉన్నవాడు నిజం చెప్పడు. మెకానిక్ చెప్పడు, పక్కన నిలబడి చూసిన తోటి పైలట్ చెప్పడు, మైదానం నడిపేవాడు అసలే చెప్పడు. చెప్పకపోతే కారణం మైదానంలోనే ఉండిపోతుంది.

ఇక సాక్ష్యం సంగతి. పొలంలో పారామోటార్ పడిందనుకోండి. చుట్టుపక్కలవాళ్లు పరుగెత్తుకొస్తారు, మనిషిని బయటికి తీయడానికి తాళ్లు కోస్తారు. అది చేయాలి, ప్రాణం ముందు. తర్వాత ఏం జరుగుతుంది? రెక్కను చుట్టచుట్టి, ఇంజనుతో కలిపి ట్రాలీలో వేసి, స్టేషను వెనక షెడ్డులో పడేస్తారు. ఆ చుట్ట చుట్టడంతోనే సగం విచారణ చచ్చిపోతుంది.

ఎందుకంటే ఆ గుడ్డా తాళ్లూ మాట్లాడతాయి. కత్తితో కోసిన తాడు చివర వేరుగా ఉంటుంది, తెగిన తాడు చివర వేరుగా ఉంటుంది. తాళ్ల పొడవు కొలిస్తే ఏది సాగిందో, ఏది కుంచించుకుందో తెలుస్తుంది. తాళ్లను సీటుకు కలిపే రైజర్ పట్టీల మీద ట్రిమ్మర్ ఏ గీత దగ్గర ఆగిందో చూస్తే ఎంత వేగానికి సిద్ధంచేసి ఎగిరాడో తెలుస్తుంది. ప్రొపెల్లరు ముక్కలు పగిలిన తీరు, నేల తాకినప్పుడు ఇంజను తిరుగుతోందా, ఆగిపోయిందా అన్నది చెబుతుంది. కారబీనర్ గేటు తెరిచి ఉందా మూసి ఉందా? రెండో పారాచ్యూట్ పిడి లాగారా? జేబులోని ఫోను ప్రతి క్షణం ఎత్తునూ దిక్కునూ రాసుకుని ఉండవచ్చు. శిరస్త్రాణం మీది కెమెరాలో చివరి నిమిషం ఉండవచ్చు. పక్క పొలంలో పత్తి తీస్తున్న ఆడవాళ్లు ఇంజను శబ్దం ఆగి పడిందా, హోరెత్తుతూ పడిందా అన్నది ఖచ్చితంగా చెప్పగలరు. ఆ ఒక్క మాట ఒక రోజంతా సాగే ఊహలను తుడిచేస్తుంది. వీటిలో ఒక్కటి కూడా పంచనామా ఫారంలో గడిగా లేదు. ఎస్సైని తప్పుపట్టడం లేదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

చట్టం ఒప్పుకోదంటారా? 2024 చివరిదాకా అమలులో ఉన్న 1934 నాటి విమాన చట్టమే విమానం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో బెలూనునూ గ్లైడర్‌నూ ఆఖరికి గాలిపటాన్నీ చేర్చింది. గాలిపటం విమానమైన దేశంలో ఇంజను పెట్టి మనిషిని మోసే రెక్క విమానం కాకుండా పోతుందా? ఇంకొకటి. గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం వస్తున్నాయంటే ఢిల్లీ పోలీసులు డ్రోన్లతో పాటు పారాగ్లైడర్లు, పారామోటార్లు ఎగరరాదని పేరుపెట్టి మరీ ఉత్తర్వు ఇస్తారు. భద్రతకు ముప్పు అనుకున్నప్పుడు అది ఎగిరే యంత్రం. దాని మీంచి పడి మనిషి చచ్చినప్పుడు మాత్రం అది బావిలో పడ్డంత మామూలు మరణం. ఈ రెండు చూపులూ ఒకే ప్రభుత్వానికి ఎలా పొసగుతాయి?

5. "ఇంత చిన్నదానికి అంత పెద్ద విచారణా?"

బరువును బట్టి విచారణ స్థాయి మారడం సబబే. దర్యాప్తు బ్యూరో తప్పనిసరిగా చేపట్టవలసిన విచారణలకు 2250 కిలోల గీత ఉంది. పారామోటార్‌కు బ్యూరో మొత్తం కదలాలని నేను కోరడం లేదు. బ్రిటన్‌లో ఇలాంటి ప్రమాదాలను ఆ క్రీడ నేర్పే జాతీయ సంఘమే తన శిక్షణ పొందిన విచారకులతో పరిశీలిస్తుంది, నివేదికలు బయటపెడుతుంది. అక్కడి ప్రభుత్వ విమాన ప్రమాద శాఖే ఆ పనిని వాళ్లకు అప్పగించింది. దానికి కావలసింది కోట్ల రూపాయలు కాదు. నడిపే సంస్థతో సంబంధం లేని ఒక అనుభవజ్ఞుడైన పైలట్, ఒక మెకానిక్, ఒక వాతావరణ అధికారి, ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నల పట్టిక.

మన దగ్గర ఈ క్రీడ పెరుగుతోంది. మహబూబ్‌నగర్‌లో 2022 జనవరిలో పారామోటార్ పోటీలు జరిగాయి. మన పక్క జిల్లాలోని గండికోటలో సాహస క్రీడల అకాడమీ ఉంది. ఓర్వకల్లులో విమానాశ్రయం వచ్చింది. పెరిగేదాన్ని ప్రోత్సహించడానికి డబ్బు దొరుకుతుంది. కూలినప్పుడు చూడటానికి ఇద్దరు మనుషులు దొరకరంటే నేను నమ్మను.

విచారణ అంటే చివరికి నిషేధమే అని భయపడే పైలట్లు కూడా ఉన్నారు. వాళ్ల భయం తలకిందులుగా ఉంది. కారణం తెలియనప్పుడే అధికారి చేతికి నిషేధం తప్ప మరో ఆయుధం ఉండదు. కారబీనర్ తెగిందని తెలిస్తే కారబీనర్లు మారుస్తారు. ఏమీ తెలియకపోతే మైదానానికి తాళం వేస్తారు.

6. "పోయినవాళ్లు తిరిగొస్తారా?"

రారు. ఆ మాట మీద మరో మాట లేదు.

కానీ కారణం చెప్పకపోతే ఆ ఖాళీ ఊరికే ఉండదు. 2009లో నల్లమలలో దాదాపు ఒక పగలూ రాత్రీ వెతికాక, సెప్టెంబరు 3 ఉదయం శకలాలు కనిపించాయి. సంఘం విచారించింది, సీబీఐ కూడా చూసింది. ఆ ఇంగ్లిషు నివేదికలోని హెచ్చరిక దీపం, పుస్తకం, ఆరు నిమిషాలు రుద్రవరం, ఆళ్లగడ్డ, వెలుగోడు జనానికి తమ భాషలో ఎవరు విప్పి చెప్పారు? 2010 జనవరిలో ఒక టీవీ కథనం ఒక వ్యాపార సంస్థ మీద అనుమానం చల్లగానే రాష్ట్రంలో ఆ సంస్థ దుకాణాల మీద దాడులు జరిగాయి. ఇప్పటికీ ఆళ్లగడ్డలో పదిమందిని అడిగితే పది కథలు చెబుతారు. అభిమానంతో చెబుతారు, ఏడుస్తూ చెబుతారు. నిజం చేరవలసిన చోటికి చేరని కాలంలో ఆ కథలు పుట్టి పెరిగాయి.

2002 మార్చిలో కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగి పోయారు. 2004 ఏప్రిల్‌లో బెంగళూరు జక్కూరులో సినీనటి సౌందర్య పోయింది. ఎలా పోయారని మనలో ఎవరినైనా అడగండి. "హెలికాప్టర్ కూలి", "విమానం కూలి" అంటాం. కూలడం జరిగిన సంగతి. ఎందుకు కూలిందో మనకు గుర్తులేదు, ఎప్పుడూ అడిగినట్టు కూడా లేదు. ఇంత ప్రేమించిన మనుషుల విషయంలోనే అడగనివాళ్లం, పేరు తెలియని పర్యాటకుడి కోసం అడుగుతామా అన్నది న్యాయమైన సందేహమే. అయినా అడగాలి, ఎందుకంటే ముఖ్యమంత్రి హెలికాప్టర్ విషయంలో పనికొచ్చిన పద్ధతి రెండు వేల రూపాయల టికెట్టు కొన్న కుర్రవాడి విషయంలోనూ అంతే పనికొస్తుంది. అతని తల్లికి కూడా ఆ ఆరు నిమిషాల్లాంటి జవాబు ఒకటి రావాలి.

నంద్యాల జిల్లా యంత్రాంగం ఇవాళే చేయగలిగినది ఉంది, దానికి కొత్త చట్టం అక్కర్లేదు. పారామోటార్ గానీ పారాగ్లైడర్ గానీ కూలి ప్రాణం పోతే, మనిషిని తీశాక మిగిలినదేదీ కదపవద్దని ప్రతి స్టేషనుకూ ఒక ఉత్తర్వు. రెక్కను విప్పినట్టే ఉంచి ఫొటోలు తీయాలి, తాళ్లు కొలవాలి, ఫోనూ కెమెరా విడిగా సీలు వేయాలి. మైదానం నడిపే సంస్థకు చెందనివాళ్లే సాంకేతిక విచారణ చేయాలి. పోలీసు కేసు దాని దారిన అది నడవాలి. సాంకేతిక విచారణలో చెప్పిన మాటను కోర్టులో ఆయుధంగా వాడబోమని సాక్షులకు హామీ ఉండాలి. అరవై రోజుల్లో నివేదిక తెలుగులో రావాలి. ఏ తాడు తెగింది, ఎన్ని గంటలకు ఎగిరారు, ఎవరు ఎగరమన్నారు, ఎవరు చూసుకోవలసింది చూసుకోలేదు అన్నవి అందులో ఉండాలి. ఆ నివేదికను ఎగిరే ప్రతి మైదానంలో టికెట్ కౌంటర్ పక్కనే, డబ్బు కట్టేముందు చదువుకునే చోట అంటించాలి.